తీసుకున్నది తిరిగి ఇచ్చిన ఖలీఫా

 



జుమా నమాజు ముగిసిన తర్వాత మస్జిదు మెట్ల మీద చెప్పులు వెదుక్కుంటూ మనం మొదలుపెట్టే చర్చ సాధారణంగా ఒకటే ఉంటుంది. దేశం ఎప్పుడు బాగుపడుతుంది? నాయకుడైనవాడు ముందుగా ఏం చేయాలి? ఒకరు ఉద్యోగాలంటారు, ఒకరు ధరలంటారు, మరొకరు కఠినమైన చట్టాలంటారు. ఆ ప్రశ్నకు చరిత్రలో దొరికే ఒక సమాధానం అప్పటికి కాసేపటి క్రితమే మన చెవుల్లో పడి ఉంటుంది. రెండవ ఖుత్బా చివర ఇమాము పఠించే సూరా అన్‌నహ్ల్ 90వ ఆయత్‌ను గుర్తుచేసుకోండి. న్యాయం చేయమని, ఉపకారబుద్ధితో మెలగమని, బంధువులకు ఇవ్వమని ఆదేశిస్తూ, నీతిమాలిన పనుల నుండి, చెడు నుండి, దౌర్జన్యం నుండి వారించే ఆయత్ అది. దానిని ఖుత్బాలో చేర్చింది ఎవరు? అంతకుముందు ఆ స్థానంలో ఏముండేది?

అక్కడ ఉండేది నింద. బనూ ఉమయ్యా పాలకులు మిన్బర్ల మీది నుండి హజ్రత్ అలీ (రజి)ని దూషించే దురాచారాన్ని దశాబ్దాల పాటు నడిపించారు. హిజ్రీ 99లో, అంటే క్రీ.శ. 717లో, అదే వంశం నుండి గద్దెనెక్కిన హజ్రత్ ఉమర్ బిన్ అబ్దుల్ అజీజ్ (రహ్మ) దానిని ఆపించి, ఆ చోట ఈ ఆయత్‌ను పఠించమని ఆదేశించారు. ఆయన పాలించింది రెండున్నర సంవత్సరాలకు కొంచెం తక్కువ. ఆ కొద్దికాలంలో చేసిన పనుల్లో మన దాకా ప్రతి శుక్రవారం చేరుతున్నది ఇది.

ఆయన గురించి కొవ్వొత్తి కథ మన పిల్లలందరికీ తెలుసు. ప్రభుత్వ పని ముగియగానే ప్రజాధనంతో కొన్న దీపాన్ని ఆర్పి సొంత దీపం వెలిగించుకున్నారన్న ఆ కథ మంచిదే. నేనూ మదరసాలో చదువుకునే రోజుల నుండి చెబుతూనే ఉన్నాను. అయితే దానిని ఎంతగా చెప్పుకున్నామంటే, ఆయన చేసిన పెద్ద పనులన్నీ ఆ కొవ్వొత్తి వెనుక చీకట్లో ఉండిపోయాయి. నిజాయితీపరుడైన మనిషి కొవ్వొత్తిని ఆర్పగలడు. జాగీరు పత్రాలను చించడం అంతకంటే చాలా కష్టం.

ఆయన పుట్టుకతో ఫకీరు కాదు. తండ్రి ఈజిప్టు గవర్నరు. తల్లి హజ్రత్ ఉమర్ (రజి) మనుమరాలు. భార్య ఫాతిమా ఖలీఫా అబ్దుల్ మలిక్ కుమార్తె. ఖరీదైన వస్త్రాలు, అత్తరు పరిమళాలు, విలాసమైన నడక ఆయనవి. ఆ నడకకు 'ఉమరీ నడక' అని పేరే పడింది. హిజ్రీ 87లో మదీనా గవర్నరుగా వెళ్ళినప్పుడు పదిమంది ధర్మశాస్త్రవేత్తలను పిలిచి, తమ సలహా లేకుండా ఏ నిర్ణయమూ చేయనని మాట ఇచ్చారు. అయినా ఆ కాలంలోనే ఒక అపరాధం జరిగింది. ఖలీఫా వలీద్ ఆజ్ఞాపించాడని, హజ్రత్ అబ్దుల్లాహ్ బిన్ జుబైర్ (రజి) కుమారుడు ఖుబైబ్‌ను కొరడాలతో కొట్టించి, చలిలో ఆయనపై చన్నీళ్ళు పోయించారు. ఖుబైబ్ మరణించారు. ఆ తర్వాత జీవితమంతా, ఎవరైనా తన సత్కార్యాలను పొగిడినప్పుడు, ఖుబైబ్ సంగతి ఏమిటని ఉమర్ తనను తాను ప్రశ్నించుకునేవారని చరిత్రకారులు రాశారు. ఆజ్ఞ పైనుండి వచ్చిందన్న సాకు ఆయన మనసును ఊరడించలేదు. తరువాతి రోజుల్లో అన్యాయానికి గురైనవారి అర్జీల పట్ల ఆయన చూపిన ఆత్రుతకు ఈ గాయం ఒక కారణమని నాకనిపిస్తుంది.

ఖలీఫా సులైమాన్ దాబిఖ్‌లో మరణించగా, ముద్రవేసిన వీలునామా విప్పి చదివితే ఉమర్ పేరు వచ్చింది. ఆయన మస్జిదులో నిలబడి, తన అభిప్రాయం అడగకుండా, ప్రజలను సంప్రదించకుండా ఈ భారం తన మీద మోపారని, ఆ ప్రమాణం నుండి అందరినీ విడిపిస్తున్నానని, ఇష్టమైనవారిని ఎన్నుకోమని చెప్పారు. జనం ఆయననే కోరుకున్నారు. రాజలాంఛనాలతో అలంకరించిన గుర్రాలను తెస్తే వాటిని బైతుల్ మాల్‌కు పంపి, తన కంచర గాడిదనే ఎక్కారు.

సులైమాన్ ఖననం ముగిసింది. నిద్రలేక అలసిపోయిన ఖలీఫా మధ్యాహ్నం కాసేపు నడుం వాల్చబోయారు. యువకుడైన కుమారుడు అబ్దుల్ మలిక్ వచ్చి, కబ్జా అయిన సొత్తును హక్కుదారులకు ఇవ్వకుండానే పడుకుంటున్నారా అని అడిగాడు. జుహ్ర్ తర్వాత చూస్తానన్నారు తండ్రి. జుహ్ర్ దాకా బ్రతికి ఉంటారని ఎవరు హామీ ఇచ్చారన్నాడు కొడుకు. ఆయన లేచి కొడుకు నుదుటిని ముద్దాడి, బయటికి వెళ్ళి చాటింపు వేయించారు: అన్యాయం జరిగిన ప్రతివారూ వచ్చి చెప్పుకోవచ్చునని.

మొదట పిలిపించింది తన దస్తావేజులనే. యమన్‌లో, హిజాజ్‌లో, యమామాలో ఆయనకు వంశపారంపర్యంగా, పూర్వపు ఖలీఫాల కానుకలుగా వచ్చిన భూములుండేవి. సేవకుడు ముజాహిమ్ ఒక్కొక్క సనదును చదివి వినిపిస్తుంటే, ఖలీఫా దానిని అందుకుని కత్తెరతో ముక్కలు చేస్తూ కూర్చున్నారు. తన సొంత భత్యంతో తవ్వించుకున్న సువైదా ఊట వంటి కొద్ది ఆస్తినే ఉంచుకున్నారు. ఫదక్ తోటలను దైవప్రవక్త (సఅసం) కాలంలో ఏ వినియోగానికి ఉండేవో దానికే మళ్ళించారు. ఇల్లాలిని పిలిచి, తండ్రి ఇచ్చిన అమూల్యమైన నగలు కావాలో, తాను కావాలో తేల్చుకోమన్నారు. ఆమె నగలను బైతుల్ మాల్‌కు పంపించారు.

ఆ తర్వాతే ఆయన చేయి బనూ ఉమయ్యా బంధువుల జాగీర్ల వైపు సాగింది. వారు కోపించారు, బ్రతిమాలారు, చివరికి ఆయన ఎంతగానో గౌరవించే మేనత్త ఫాతిమా బిన్తె మర్వాన్‌ను రాయబారం పంపారు. ఆయన ఆమెకు ఒక నది ఉపమానం చెప్పారు. దైవప్రవక్త (సఅసం) అందరూ సమానంగా తాగే నదిని వదిలి వెళ్ళారు, తర్వాతివారు దాని నుండి కాలువలు తీసుకుంటూ పోయారు, ఇప్పుడు నది ఎండిపోయింది, మళ్ళీ మునుపటిలా పారేదాకా తాను ఊరుకోనని. ఆమె తిరిగివెళ్ళి బంధువులతో, ఉమర్ (రజి) ఇంటి పిల్లను కోడలిగా తెచ్చుకుని ఇప్పుడు ఫిర్యాదు చేస్తారేమిటని అన్నారట. బంధువులకు ఇవ్వమని చెప్పే ఆయత్‌ను మిన్బర్ ఎక్కించిన పాలకుడు తన బంధువుల నుండి తీసుకుంటున్నాడేమిటని ఎవరికైనా సందేహం రావచ్చు. ఆ ఆయత్‌లో న్యాయం ముందు వచ్చింది, బంధువులు తర్వాత వచ్చారు. పరుల సొమ్ముతో బంధుప్రీతి చూపమని అల్లాహ్ ఎక్కడా చెప్పలేదు.

ఇక్కడ ఒక మాట చెప్పకుండా ముందుకు పోలేను. ఖలీఫా కాకముందు ఒకసారి ఆయన, తమ వంశపు కొందరు ఆడబిడ్డలకు రావలసిన వారసత్వ వాటా గురించి సులైమాన్‌ను అడిగారు. వారికి వాటా లేదని తండ్రి అబ్దుల్ మలిక్ పత్రం రాసి ఉంచాడని చెప్పి, సులైమాన్ దానిని తెమ్మని సేవకుడిని పంపాడు. దివ్యగ్రంథాన్ని తెప్పిస్తున్నారా అని ఉమర్ ఎత్తిపొడిచారు. సోదరులారా! పాలకుల జాగీర్ల గురించి ఆవేశంగా మాట్లాడే మన తెలుగు ముస్లిముల ఇళ్ళలో, పొలం పంచుకునే వేళ అక్కచెల్లెళ్ళ చేత 'మాఫ్' అనిపించి సంతకాలు పెట్టించుకున్న పత్రాలు ఎన్ని బీరువాల్లో ఉన్నాయో మనకు తెలుసు. వక్ఫ్ భూమిని ఇతరులు ఆక్రమించారని మొరపెట్టుకునేవారిలో, దాని మడిగెను నామమాత్రపు కిరాయికి తరతరాలుగా అనుభవిస్తున్నవారు లేరా? ఆ కత్తెర మన చేతికి కూడా వస్తే ఏ కాగితాన్ని ముందు తీస్తామో ఎవరికి వారే చూసుకోవాలి.

ఇక రాజ్యపు సంగతి. ఆయనకు దక్కిన రాజ్యం చాలా విశాలమైనది, లోపల మాత్రం కుళ్ళు పట్టింది. కాన్‌స్టాంటినోపుల్ ముట్టడిలో ముస్లిం సైన్యం చలికి, ఆకలికి అలమటిస్తోంది. ఆయన వారికి ఆహారం, గుర్రాలు పంపి వెనక్కి రప్పించారు. ఘనత కోసం సైనికుల ప్రాణాలు పణంగా పెట్టలేదు.

ఖురాసాన్ నుండి ముగ్గురు ప్రతినిధులు వచ్చారు. ఇద్దరు అరబ్బులు మాట్లాడారు. మూడవ వ్యక్తి అరబ్బేతరుడు, మౌనంగా కూర్చున్నాడు. నీవు ఈ బృందంలోవాడివి కావా, ఎందుకు మాట్లాడవని ఖలీఫాయే అడిగారు. అప్పుడు ఆ అబుస్సైదా నోరు విప్పాడు. ఇరవై వేలమంది అరబ్బేతర ముస్లిములు జీతం, భత్యం లేకుండా యుద్ధాలు చేస్తున్నారని, అంతమందే ఇస్లాం స్వీకరించిన తర్వాత కూడా పాత పన్ను కడుతున్నారని చెప్పాడు. పూర్వపు అధికారులకు ఇది తెలియక కాదు. ముస్లిం అయినవారి నుండి జిజ్యా మానేస్తే ఖజానా తరుగుతుందని వారి లెక్క. కిబ్లా వైపు నమాజు చేసేవారి నుండి జిజ్యా తీసుకోవద్దని ఖలీఫా రాశారు. జనం తండోపతండాలుగా ఇస్లాంలోకి వచ్చారు. ఇది పన్ను ఎగవేతేనని, సున్నతి జరిగిందో లేదో పరీక్షించాలని గవర్నరు జర్రాహ్‌కు కొందరు చెప్పారు. దైవప్రవక్త (సఅసం)ను అల్లాహ్ పంపింది సత్యం వైపు పిలవడానికేగాని సున్నతులు చేయడానికి కాదని ఖలీఫా జవాబిచ్చారు. ఖురాసాన్ వారిని కత్తి, కొరడా తప్ప ఏదీ బాగుచేయలేదన్న మాటను ఆయన అబద్ధమని తోసిపుచ్చారు. కొద్దికాలానికి ఆ గవర్నరును తొలగించారు. ఈ ఉదంతంలో నా మనసును పట్టుకునేది ఆ మౌనం. మాట్లాడేవారి మాట వినడం ఏ దర్బారులోనైనా జరుగుతుంది. మాట్లాడని మూడవవాడిని గమనించే కన్ను పాలకుడికి ఉండాలి.

సమర్ఖండ్ ప్రజలు, సేనాని ఖుతైబా మోసంతో తమ పట్టణాన్ని ఆక్రమించాడని ఫిర్యాదు చేశారు. ఖలీఫా తానే తీర్పు చెప్పకుండా, ఒక ఖాజీని నియమించి విచారించమన్నారు. సైన్యం పట్టణం విడిచి వెలుపలికి పోవాలని, ఆ తర్వాత సంధో యుద్ధమో తేల్చుకోవాలని ఖాజీ తీర్పునిచ్చాడు. మళ్ళీ యుద్ధమెందుకు, ఉన్నట్లే ఉండనివ్వండని పట్టణవాసులే అన్నారు. తబరీ, బలాజురీ ఇద్దరూ దీనిని నమోదు చేశారు. గెలిచిన సైన్యాన్ని ఓడినవారు తమ ఖాజీ ముందుకు పిలిపించగలిగిన కాలమది! సింధు రాజులకు కూడా ఆయన ఉత్తరాలు రాశారు. ఇస్లాం స్వీకరిస్తే వారి రాజ్యం వారికే, హక్కులు అందరితో సమానమని. దాహిర్ కుమారుడు జైసింహ ఆ మాటను నమ్మి ముస్లిమయ్యాడు. తర్వాతి గవర్నరు కాలంలో ఆ మాట నిలవలేదు, అతడు హతమయ్యాడు.

జకాత్ పుచ్చుకునే పేదవాడే కరువయ్యాడని ఆ కాలం గురించి చెప్పుకుంటాం. ఆఫ్రికా వంటి ప్రాంతాల గురించి అలాంటి ఉల్లేఖనాలున్నాయి. వాటిని సామ్రాజ్యమంతటికీ వర్తింపజేయడం మన ఉత్సాహం. రెండున్నరేళ్ళలో పేదరికమంతా పోయిందని చెప్పి ఆయన్ని మాంత్రికుణ్ణి చేయనవసరం లేదు.

మధ్యాహ్నపు నిద్ర నుండి లేపిన ఆ కుమారుడే మరోసారి, మిగిలిన చెడునంతా ఒక్కసారిగా ఎందుకు తుడిచివేయరని తండ్రిని అడిగాడు. సత్యాన్ని ప్రజలపై ఒక్కసారిగా మోపితే ఒక్కసారిగా విసిరికొడతారని, అది కల్లోలానికి దారి తీస్తుందని తండ్రి చెప్పారు. ఈ రెండు సంఘటనలను పక్కపక్కన పెట్టి చూడండి. కబ్జా సొత్తును తిరిగి ఇవ్వడానికి జుహ్ర్ దాకా కూడా ఆగలేదు. జనం అలవాట్లను మార్చడానికి తొందరపడలేదు. ఈనాడు చాలా దేశాల్లో ఈ క్రమం తలక్రిందులైంది. జనాన్ని దిద్దడానికి రాత్రికి రాత్రే ఆజ్ఞలు వస్తాయి, దోచినది తిరిగి ఇచ్చే మాట వస్తే సంఘాలు, గడువులు, వాయిదాలు.

ఆయన చేయలేకపోయినది కూడా ఉంది. సులైమాన్ వీలునామా ప్రకారం తన తర్వాత గద్దె యజీద్ బిన్ అబ్దుల్ మలిక్‌ది. దానిని ఆయన మార్చలేకపోయారు. తాను నిలబెట్టిన న్యాయం తన ఊపిరితోపాటే ఆగిపోయే ప్రమాదముందని ఆయనకు తెలియదనుకోలేం. హిజ్రీ 101 రజబ్‌లో, నలభై ఏళ్ళ లోపే, దైర్ సమ్ఆన్‌లో మరణించారు. విషప్రయోగమని చాలామంది రాశారు. తన సమాధి స్థలాన్ని అక్కడి క్రైస్తవ సన్యాసుల వద్ద డబ్బిచ్చి కొనుక్కున్నారు. యజీద్ వచ్చాక పాత పన్నులు, పాత గవర్నర్ల పద్ధతులు తిరిగి వచ్చాయి. ఆ మూడవ వ్యక్తి మౌనంగా కూర్చున్న ఖురాసాన్‌లోనే తిరుగుబాటు రాజుకుంది. హిజ్రీ 132లో బనూ ఉమయ్యా రాజ్యం కూలింది.

యజీద్ గద్దెనెక్కగానే తన సోదరి ఫాతిమాను పిలిచి, నీ నగలు బైతుల్ మాల్‌లో అలాగే ఉన్నాయి, కావాలంటే తీసుకో అన్నాడు. ఆయన బ్రతికుండగా ఇష్టపూర్వకంగా వదులుకున్నదానిని, ఆయన పోయాక తిరిగి తీసుకోనని ఆమె చెప్పారు. యజీద్ ఆ నగలను తన ఇంటివారికి పంచిపెట్టాడు.