గాబ్రియేల్ దీవి: ఒక్క రోజు విహారం వెనక 1856

మారిషస్ వెళ్లిన యాత్రికుల్లో చాలామంది ఒక రోజంతా పడవ షికారుకే కేటాయిస్తారు. ఉత్తర తీరంలోని గ్రాండ్ బే రేవులో పొద్దున తొమ్మిది గంటల ప్రాంతంలో కాటమరాన్ ఎక్కితే, గాలి అనుకూలిస్తే రెండు గంటల్లో గాబ్రియేల్ దీవి చేరుకోవచ్చు. దారిలో సముద్రంలోంచి నిట్టనిలువుగా లేచిన కొండలాంటి దీవి కనిపిస్తుంది. దాని పేరు క్వాన్ ద మీర్. దాని రాతి గోడల సందుల్లో పొడవాటి తోక ఉన్న తెల్లటి పక్షులు గూళ్లు పెడతాయి. ఎయిర్ మారిషస్ విమానాల మీద బొమ్మగా ఉన్నది ఆ పక్షే.

క్వాన్ ద మీర్ దాటాక ఒకదానికొకటి ఎదురుగా రెండు దీవులు వస్తాయి. పెద్దది ఫ్లాట్ ఐలాండ్, చిన్నది గాబ్రియేల్. రెంటి మధ్య లోతు తక్కువ, నీరు పచ్చల రంగు. పడవలు ఇక్కడే లంగరు వేస్తాయి. కొందరు ఈత కళ్లద్దాలు తగిలించుకుని చేపల్ని చూడటానికి నీళ్లలోకి దిగుతారు, కొందరు తెల్లటి ఇసుక మీద పడుకుంటారు. డెక్ మీద చేపలు, కోడి ముక్కలు నిప్పుల మీద కాలుతుంటాయి. తిరుగు ప్రయాణంలో సిబ్బంది అక్కడి జానపదమైన సెగా పాటలు అందుకుంటారు. సాయంత్రానికల్లా అందరూ హోటల్ గదుల్లో ఉంటారు.

గాబ్రియేల్ మీద హోటల్ లేదు, ఊరు లేదు, తాగునీటి ఊట లేదు. మొత్తం వైశాల్యం 42 హెక్టార్లు, అంటే నూరెకరాల పైచిలుకు. ఇవాళ ఈ ఏకాంతమే యాత్రికుల్ని రప్పిస్తోంది. 1856లో అధికారులు ఈ దీవిని ఎంచుకున్నది కూడా ఈ ఏకాంతం కోసమే.

చెరకు పిలిచింది

1810లో ఫ్రెంచివారి నుంచి మారిషస్‌ను గెలుచుకున్న బ్రిటిష్‌వారు అక్కడ చెరకు సాగును పెంచారు. 1835లో బానిసత్వం రద్దయింది. తోటల్లో పని చేసేవారు కావాలి. రద్దుకు ముందే తోటల యజమానుల కన్ను మన దేశం మీద పడింది. 1834 నవంబరు 2న ‘అట్లాస్’ అనే ఓడ 36 మంది ఒప్పంద కూలీలను కలకత్తా నుంచి పోర్ట్ లూయీలో దించింది. తర్వాతి ఎనిమిది దశాబ్దాల్లో సుమారు ఐదు లక్షల మంది ఆ రేవు మెట్లెక్కారు. వారిలో దాదాపు మూడో వంతు మద్రాసు ప్రెసిడెన్సీవారు.

ఆ మూడో వంతులో మనవారున్నారు. గోదావరి జిల్లాలు, విశాఖ, గంజాం పల్లెల నుంచి కదిలినవారు వారు. తొలి రోజుల్లో కాకినాడ పక్కనున్న కోరంగి రేవు నుంచి ఓడలు వెళ్లాయి. అందుకే మారిషస్‌లో తెలుగువారిని చాలాకాలం ‘కోరంగీలు’ అని పిలిచారు. మొదట్లో అయిదేళ్ల ఒప్పందం, నెలకు అయిదు రూపాయల జీతం. ఒక రోజు పనిలోకి రాకపోతే రెండు రోజుల జీతం కోత. 1850ల నాటికి బ్రిటిష్ వలస రాజ్యాల్లో చక్కెర ఉత్పత్తిలో మారిషస్‌దే అగ్రస్థానం. ఆ చక్కెరంతా ఒప్పంద కూలీల చెమటే.

రెండు ఓడలు, ఒక ఎండు దీవి

1854లో పోర్ట్ లూయీని కలరా ఊడ్చిపెట్టింది. వేలమంది చనిపోయారు. కలరా నీటి ద్వారా వ్యాపిస్తుందన్న సంగతి అప్పటికి వైద్యలోకం ఒప్పుకోలేదు. లండన్‌లో జాన్ స్నో అనే వైద్యుడు వీధి బోరింగు నీటిని అనుమానించింది సరిగ్గా ఆ ఏడాదే. మారిషస్ జనం మాత్రం ఇండియా నుంచి వచ్చే ఓడలే జబ్బు మోసుకొస్తున్నాయని నిశ్చయించుకున్నారు. రెండేళ్ల తర్వాత కూడా ఆ భయం చల్లారలేదు.

1856 మొదట్లో కలకత్తా నుంచి ‘హైదరీ’, ‘ఫత్తే ముబారక్’ అనే రెండు ఓడలు వచ్చాయి. దారిలోనే జబ్బు పుట్టింది. వారాల తరబడి సముద్రం మీద ప్రయాణం చేసి వచ్చినవారిని పోర్ట్ లూయీలో దిగనివ్వలేదు. గాబ్రియేల్ దీవి మీద దించారు. అక్కడ వారికోసం సరైన గూడు లేదు, చాలినంత తిండి లేదు, మంచినీరు బయటి నుంచి రావాలి. జనవరి మొదలు కొన్ని నెలలు మారిషస్‌లో తుపానుల కాలం.

కలరా సోకిన మనిషి ఒంట్లోని నీరు గంటల్లో హరించుకుపోతుంది. ఆ మనిషికి ముందు అందాల్సింది నీరే. అలాంటి రోగుల్ని ఊట లేని దీవి మీద ఉంచారు. వందలమంది అక్కడే కన్నుమూశారు. జబ్బుతో వచ్చినవారు కొందరు, బలహీనులై జబ్బు పడ్డవారు మరికొందరు. ఇంత చేసినా ప్రధాన ద్వీపాన్ని కలరా వదల్లేదు. ఆ ఏడాది అక్కడా ప్రబలింది.

ఆ రెండు ఓడలూ కలకత్తా నుంచి బయల్దేరినవి. మద్రాసు నుంచి వచ్చే ఓడల మీదా అదే అనుమానం, వాటికీ అదే నిబంధన. ఓడలో జబ్బు కనిపిస్తే పసుపు జెండా ఎగరేసి ఊరికి దూరంగా ఆగాల్సిందే. సముద్రం దాటిన ప్రతి కుటుంబానికీ ఆ నిరీక్షణ ఎదురయ్యే ప్రమాదం ఉండేది.

కూలీలు ఆగితేనే కళ్లు తెరిచారు

గాబ్రియేల్ చావుల కబురు కలకత్తా చేరింది. అదే ఏడాది ఇండియా ప్రభుత్వం మారిషస్‌కు కూలీల వలసను ఆపేసింది. అప్పుడు గానీ చెరకు తోటల యజమానుల్లో, వలస పాలకుల్లో కదలిక రాలేదు. క్వారంటైన్ ఏర్పాట్లు మెరుగుపరుస్తామని హామీ ఇచ్చాకే మరుసటి ఏడాది ఓడలు మళ్లీ కదిలాయి. ఫ్లాట్ ఐలాండ్ మీద క్వారంటైన్ కేంద్రం స్థిరపడింది. ప్రధాన ద్వీపం తీరంలోని కానోనియే అగ్రం దగ్గర మరొకటి ఏర్పడింది. వందలమంది చనిపోయినప్పుడు పుట్టని శ్రద్ధ, పనివాళ్లు రావడం ఆగిపోయాక పుట్టింది. ఈ వరస మరిచిపోకూడదు.

ఫ్లాట్ ఐలాండ్ మీద 1855లో కట్టిన లైట్‌హౌస్ ఇంకా నిలబడి ఉంది. క్వారంటైన్ నాటి కట్టడాల శిథిలాలు, సమాధులు ఉన్నాయి. నోబెల్ పొందిన ఫ్రెంచి రచయిత ల క్లెజియో 1995లో రాసిన ‘లా కారాంతేన్’ నవలకు ఈ దీవే రంగస్థలం. కానోనియే అగ్రం మీద ఇప్పుడు పెద్ద బీచ్ రిసార్ట్ నడుస్తోంది. పాత లైట్‌హౌస్ శిథిలం, ఫ్రెంచివారి నాటి ఫిరంగులు ఆ హోటల్ తోటలోనే ఉన్నాయి.

నిలిచినవారు నిలబెట్టినవి

మన పల్లెల నుంచి వెళ్లినవారు వట్టి చేతులతో వెళ్లారు గానీ దేవుళ్లను, పండుగలను వెంట తీసుకెళ్లారు. మారిషస్ తెలుగువారు ఇప్పటికీ సింహాద్రి అప్పన్నను కొలుస్తారు, అమ్మోరు పండుగ చేస్తారు, రామభజన పాడతారు. పిల్లలు బడిలో తెలుగు చదువుకునే వీలుంది. 1947లో మారిషస్ ఆంధ్ర మహాసభ పుట్టింది. ఉగాది అక్కడ దేశమంతటికీ సెలవు. 1990లో మూడో ప్రపంచ తెలుగు మహాసభలు ఆ దేశంలోనే జరిగాయి.

వలస వచ్చినవారు దిగిన పోర్ట్ లూయీ రేవును ఇప్పుడు ఆప్రవాసీ ఘాట్ అంటారు. 2006లో యునెస్కో దాన్ని ప్రపంచ వారసత్వ స్థలంగా గుర్తించింది. వారు ఎక్కిన రాతి మెట్లు ఇంకా అక్కడ ఉన్నాయి. మోకా అనే ఊళ్లోని మహాత్మా గాంధీ సంస్థలో వలస రిజిస్టర్లు భద్రంగా ఉన్నాయి. మనిషి పేరు, తండ్రి పేరు, ఊరు, జిల్లా, వచ్చిన ఓడ అన్నీ వాటిలో రాసి ఉంటాయి. తరాల కిందట వెళ్లినవారి వివరాల కోసం అక్కడివారు వాటిని వెతుక్కుంటున్నారు. ఇటువైపు నుంచి వెతికేవారే కరవు.

గాబ్రియేల్ షికారు మానుకోమని ఎవరూ చెప్పక్కర్లేదు. ఆ నీటి రంగు జీవితంలో ఒక్కసారైనా చూడదగ్గది. అయితే ఆ ఇసుక మీద అడుగు పెట్టేముందు 1856 గుర్తుండాలి. పిల్లలకు ఆ కథ చెప్పాలి. ప్లాస్టిక్ సీసా ఒక్కటి కూడా అక్కడ వదిలి రాకూడదు, అది మనుషులు చనిపోయిన నేల. యాత్రలో ఒక పూట ఆప్రవాసీ ఘాట్‌కు ఇవ్వాలి. మన విశ్వవిద్యాలయాల చరిత్ర శాఖలు మోకా రిజిస్టర్లలోని ఊళ్ల పేర్లను శ్రీకాకుళం, విశాఖ, గోదావరి జిల్లాల పల్లెలతో సరిచూసే పని చేపట్టాలి. వెళ్లినవారి ఊళ్లు ఇంకా ఇక్కడే ఉన్నాయి. వారి వివరాలు రాసిన కాగితాలు అక్కడ ఉన్నాయి. రెంటినీ కలపడం ఈ తరం చేయగల పనే, చేయాల్సిన పని కూడా.