కంప్యూటర్ విడిభాగాలు, కొత్త అభ్యాసకుల భద్రత: ఒక చారిత్రక పరిశీలన

ఉద్దేశాలు

ఈ పాఠం చదివిన తరవాత మీరు కింది విషయాలను వివరించగలుగుతారు:
- సామాన్యులు కంప్యూటర్‌ను సొంతంగా బిగించుకోవడం ఎప్పుడు, ఎలా మొదలైంది.
- విడిభాగాల ఆకారాలు కాలక్రమంలో ఎందుకు మారాయి.
- మన ప్రాంతంలో ఈ విద్య ఎలా వ్యాపించింది.
- పాత జాగ్రత్తల్లో ఏవి నేటికీ వర్తిస్తాయి, ఏవి వర్తించవు.

1. పరిచయం

మీలో కొందరు కంప్యూటర్ కేబినెట్ మూత విప్పి మెమరీ మార్చడమో, హార్డ్ డిస్క్ బిగించడమో చేసి ఉంటారు. మరికొందరికి విప్పాలని ఉన్నా, ఏదైనా పాడవుతుందేమోనన్న భయం ఆపి ఉంటుంది. ఈ భయం ఊరికే పుట్టింది కాదు. దానికి కారణాలున్నాయి, ఆ కారణాలకు చరిత్ర ఉంది.

కంప్యూటర్ల చరిత్ర అనగానే ఏ యంత్రాన్ని ఎవరు, ఏ సంవత్సరంలో తయారుచేశారన్న వివరాలు గుర్తుకొస్తాయి. ఈ పాఠంలో మనం మరో ప్రశ్న వేసుకుందాం. కొత్తగా నేర్చుకునేవారి చేతిలో ఒక భాగం కాలిపోతే, ఆ తప్పు వారి అజ్ఞానానిదా, ఆ భాగాన్ని రూపొందించిన తీరుదా? గత అయిదు దశాబ్దాల్లో ఈ ప్రశ్నకు జవాబు మెల్లగా మారుతూ వచ్చింది.

2. కిట్ల కాలం

అమెరికాలో పర్సనల్ కంప్యూటర్ల కన్నా ముందే ఎలక్ట్రానిక్ కిట్ల సంప్రదాయం ఉంది. మిషిగన్ రాష్ట్రంలోని హీత్ కంపెనీ 1947 నుంచి హీత్‌కిట్ పేరుతో ఇలాంటి కిట్లు అమ్మింది. పెట్టెలో విడిభాగాలు, వాటితో పాటు ఒక పుస్తకం వచ్చేవి. ఒక్కో పనిని ఒక్కో మెట్టుగా రాసి, ప్రతి మెట్టు పక్కన గుర్తు పెట్టుకోవడానికి చోటు వదిలేవారు. ఒక పని పూర్తయ్యాక అక్కడ గుర్తు పెట్టి తరవాతి పనికి వెళ్ళాలి. ఇంజనీరు కానివారు కూడా క్రమం తప్పకుండా పనిచేస్తే రేడియో తయారుచేయగలరన్న నమ్మకం ఈ పద్ధతి వెనక ఉంది.

1975 జనవరిలో పాపులర్ ఎలక్ట్రానిక్స్ పత్రిక ముఖచిత్రంగా ఆల్టెయిర్ 8800 వచ్చింది. న్యూ మెక్సికోలోని ఆల్బకర్కీ పట్టణానికి చెందిన మిట్స్ సంస్థ దాన్ని 400 డాలర్ల లోపు ధరకు కిట్‌గా అమ్మింది. ఇంటెల్ 8080 ప్రాసెసర్, 256 బైట్ల మెమరీ ఉన్న ఈ యంత్రాన్ని కొన్నవారు భాగాలన్నిటినీ స్వయంగా టంకం వేసి అతికించాలి. ఒక్కచోట టంకం పక్కకు ఒలికినా యంత్రం పనిచేయదు. లోపం ఎక్కడుందో వెతుక్కునే బాధ్యత కూడా కొన్నవారిదే.

తరవాత రెండేళ్ళలోనే పరిస్థితి మారింది. 1977లో వచ్చిన ఆపిల్ 2 పూర్తిగా బిగించిన యంత్రంగా దొరికింది. స్క్రూలు విప్పకుండానే దాని మూత తీయవచ్చు. లోపల 8 స్లాట్లు ఉండేవి. అదనపు కార్డును స్లాట్‌లో నొక్కి కూర్చోబెడితే చాలు, టంకంతో పని లేదు. ‘తయారుచేయడం’ అన్న పని ‘బిగించడం’గా మారింది ఇక్కడే. అదే కంపెనీ 1984లో తెచ్చిన మెకింతోష్ మాత్రం ఇందుకు పూర్తి భిన్నం. దాని పెట్టె విప్పాలంటే పొడవాటి ప్రత్యేక స్క్రూడ్రైవర్ కావాలి. లోపలే పిక్చర్ ట్యూబు ఉండటం వల్ల ప్రాణాపాయకరమైన వోల్టేజి కూడా ఉండేది. వాడేవారు మూత తెరవాలా, వద్దా అన్న చర్చ అప్పటి నుంచి నేటి మొబైల్ ఫోన్ల దాకా సాగుతూనే ఉంది.

3. ఐ.బి.ఎం. పి.సి. - నేర్చుకునేవారిపై పడిన భారం

1981 ఆగస్టు 12న ఐ.బి.ఎం. తన పర్సనల్ కంప్యూటర్‌ను ప్రకటించింది. అందులో 5 స్లాట్లు ఉన్నాయి. యంత్రం లోపలి సర్క్యూట్ల వివరాలను ఐ.బి.ఎం. పుస్తకంగా ప్రచురించింది. అందువల్ల ఇతర కంపెనీలు కూడా దానికి సరిపోయే భాగాలు తయారుచేశాయి. ఒక కంపెనీ బోర్డులో మరో కంపెనీ కార్డు పెట్టుకునే వీలు కలిగింది. మన వీధుల్లోని ‘అసెంబుల్డ్’ కంప్యూటర్‌కు మూలం ఇదే.

అయితే ఈ స్వేచ్ఛతో పాటు భారం కూడా వచ్చింది. ఉదాహరణకు మెమరీ పెంచాలంటే 9 చిప్‌ల వరస ఒకటి అమర్చాలి. ప్రతి చిప్‌నూ దాని గంటు సరైన వైపుకు వచ్చేలా సాకెట్‌లో పెట్టాలి. కాళ్ళలో ఒక్కటి వంగినా మెమరీ పనిచేయదు. చిప్‌ను తలకిందులుగా పెట్టి స్విచ్ వేస్తే అది కాలిపోవచ్చు. ఆ తరవాత బోర్డు మీద వరసగా ఉన్న చిన్న స్విచ్‌లను సరిచేసి, ఎంత మెమరీ ఉందో యంత్రానికి తెలియజేయాలి.

కార్డులతో మరో చిక్కు ఉండేది. ప్రాసెసర్ దృష్టిని తన వైపు మరల్చుకోవడానికి ప్రతి కార్డుకూ ఒక ‘ఇంటరప్ట్’ లైను కావాలి. మొదటి పి.సి.లో అలాంటివి ఎనిమిదే. కార్డు మీది జంపర్లను మార్చి లైను ఎంచుకోవాలి. రెండు కార్డులు ఒకే లైను కోరితే ఒకటో, రెండూనో పనిచేయవు. భాగాలు బాగానే ఉన్నా యంత్రం మొరాయించేది. అనుభవం లేనివారు అది తమ చేతకానితనమే అనుకునేవారు.

కరెంటు విషయంలో చిక్కు ఇంకా తీవ్రమైనది. పవర్ సప్లయ్ నుంచి మదర్‌బోర్డుకు ఆరేసి తీగల కనెక్టర్లు రెండు వచ్చేవి. ఒకదాని చోట మరొకటి పెట్టినా అవి పట్టేవి. అలా పెట్టి స్విచ్ వేస్తే బోర్డు కాలిపోయే ప్రమాదం ఉంది. అందుకే ‘నల్ల తీగలు మధ్యలో పక్కపక్కనే ఉండాలి’ అన్న సూత్రాన్ని ప్రతి అభ్యాసకుడూ కంఠస్థం చేయాల్సి వచ్చింది. ఒక ఖరీదైన బోర్డు భద్రత ఒక మనిషి జ్ఞాపకశక్తి మీద ఆధారపడటం ఎంతవరకు న్యాయమో ఆలోచించండి.

4. కంటికి కనిపించని ప్రమాదం

వాడుకలోకి వచ్చిన చిప్‌లలో ఎక్కువ భాగం మాస్ రకం ట్రాన్సిస్టర్లతో తయారైనవి. వీటి లోపల అతి పలుచని ఇన్సులేషన్ పొర ఉంటుంది. మన శరీరం మీద పోగయ్యే స్థిర విద్యుత్తు ఆ పొరను చీల్చగలదు. స్థిర విద్యుత్తు సుమారు 3,000 వోల్టులకు చేరితే గాని మనకు చిటుక్కుమని తెలియదు. చిప్ దెబ్బ తినడానికి అందులో పదో వంతు, కొన్నిసార్లు అంతకన్నా తక్కువ చాలు. అంటే మనకు ఏమీ తెలియకుండానే భాగం పాడు కావచ్చు. కొన్నిసార్లు వెంటనే పాడవకుండా బలహీనపడి, కొన్ని వారాల తరవాత పనిచేయడం మానవచ్చు. అందుకే ఈ నష్టానికి కారణం గుర్తించడం కష్టం. గాలిలో తేమ తగ్గే పొడి కాలంలో ఈ ప్రమాదం ఎక్కువ.

దీనికి పరిశ్రమ కనుక్కున్న ఉపాయం మణికట్టు పట్టీ. పట్టీ నుంచి ఎర్త్‌కు వెళ్ళే తీగలో 10 లక్షల ఓమ్‌ల నిరోధకం ఉంటుంది. అది ఎందుకో ఒక చిన్న లెక్క చూడండి. మీరు పట్టీ కట్టుకుని ఉండగా పొరపాటున 230 వోల్టుల తీగ తగిలిందనుకోండి. 230ని 10 లక్షలతో భాగిస్తే, పట్టీ గుండా ప్రవహించే కరెంటు 0.23 మిల్లీఆంపియర్లు మాత్రమే. ఆ నిరోధకం లేకుండా మామూలు తీగతో చేతిని ఎర్త్‌కు కలుపుకుంటే అదే పట్టీ ప్రాణం తీస్తుంది. చిప్‌ను కాపాడే సాధనం మనిషినీ కాపాడాలన్న ఆలోచన ఇందులో ఉంది. అందువల్ల పట్టీకి బదులు ఏదో ఒక తీగను చేతికి చుట్టుకోవడం ఎన్నడూ చేయకూడదు.

5. తప్పుకు తావివ్వని ఆకారాలు

1980ల చివరి నుంచి తయారీదారులు ఆలోచనా విధానం మార్చుకున్నారు. ‘జాగ్రత్తగా పెట్టండి’ అని పుస్తకంలో రాయడానికి బదులు, తప్పుగా పట్టనివ్వని ఆకారం ఇవ్వసాగారు. ఈ మార్పులను వరసగా గమనించండి.

మెమరీ: విడి చిప్‌ల స్థానంలో చిన్న బోర్డు మీద అమర్చిన మెమరీ వచ్చింది. దానికి ఒక చోట గంటు ఉంటుంది. సాకెట్‌లో దానికి సరిపోయే దిమ్మ ఉంటుంది. తిప్పి పెడితే పట్టదు.

ప్రాసెసర్: మొదట్లో ప్రాసెసర్‌ను గట్టిగా నొక్కి సాకెట్‌లో దించాల్సి వచ్చేది. తరవాత చిన్న మీట ఉన్న సాకెట్ వచ్చింది. మీట ఎత్తితే ప్రాసెసర్ దానంతట అదే కూర్చుంటుంది. బలం అవసరమైందంటే ఏదో తప్పుగా పెట్టామని అర్థం.

కార్డులు: 1990ల తొలినాళ్ళలో పి.సి.ఐ. స్లాట్లు వచ్చాయి. 1995 ఆగస్టు 24న విడుదలైన విండోస్ 95 ‘ప్లగ్ అండ్ ప్లే’ విధానాన్ని సామాన్యులకు చేరువ చేసింది. జంపర్ల పని యంత్రమే చేసుకోసాగింది. ప్రారంభంలో అది పలుమార్లు విఫలమైనా, తరవాతి సంవత్సరాల్లో స్థిరపడింది.

పవర్ సప్లయ్: 1995లో ఇంటెల్ ప్రతిపాదించిన ఏ.టి.ఎక్స్. ప్రమాణంలో రెండు కనెక్టర్ల బదులు 20 కాళ్ళ కనెక్టర్ ఒక్కటే ఉంది. అది ఒక్క దిశలోనే పడుతుంది. నల్ల తీగల సూత్రం దానితో అవసరం లేకుండా పోయింది.

ఈ ప్రగతి ఎప్పుడూ ముందుకే సాగిందని మాత్రం అనుకోకూడదు. 2000 ప్రాంతంలో వచ్చిన ఏ.ఎం.డి. అథ్లాన్ ప్రాసెసర్లలో సిలికాన్ ముక్క మీద లోహపు కప్పు ఉండేది కాదు. ఫ్యాన్ బిగించేటప్పుడు చెయ్యి అటూ ఇటూ అయితే దాని అంచు చిట్లేది. తరవాతి తరం ప్రాసెసర్లకు ఆ కంపెనీ లోహపు కప్పు అమర్చింది. 2004లో ఇంటెల్ సన్నని కాళ్ళను ప్రాసెసర్ నుంచి తీసి మదర్‌బోర్డు సాకెట్‌లో పెట్టింది. ప్రాసెసర్ కాళ్ళు వంగే ప్రమాదం పోయింది, కానీ ఇప్పుడు సాకెట్ కాళ్ళు వంగవచ్చు.

6. మన ప్రాంత అనుభవం

హైదరాబాద్‌లోని ఇ.సి.ఐ.ఎల్. 1969లోనే టి.డి.సి. 12 అనే కంప్యూటర్‌ను తయారుచేసింది. అయితే అది సంస్థల యంత్రం. సామాన్యుల చేతికి విడిభాగాలు రావడానికి విధానపరమైన మార్పులు అవసరమయ్యాయి. 1984 నవంబరులో కేంద్ర ప్రభుత్వం ప్రకటించిన కొత్త కంప్యూటర్ విధానం దిగుమతులను సడలించింది. 1997లో భారత్ ప్రపంచ వాణిజ్య సంస్థ సమాచార సాంకేతిక ఒప్పందంలో చేరింది. దాని ప్రకారం ఈ వస్తువులపై సుంకాలను 2005 నాటికి దశలవారీగా ఎత్తివేశారు. ఢిల్లీలో నెహ్రూ ప్లేస్, చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్.పి. రోడ్డు, సికింద్రాబాద్‌లో చినాయ్ ట్రేడ్ సెంటర్ విడిభాగాల మార్కెట్లుగా పేరు పొందాయి.

ఇలాంటి దుకాణాల్లో పనికి చేరిన యువకులకు హీత్‌కిట్ వంటి పుస్తకం లేదు. భాగంతో వచ్చిన కాగితం ఇంగ్లీషులో ఉండేది. కాబట్టి సీనియర్ చేసేది చూసి నేర్చుకోవడమే మార్గం. ఈ పద్ధతిలో చేతి నేర్పు త్వరగా వస్తుంది. కాని ‘ఇలా చెయ్యి’ అన్నది అందినంత సులువుగా ‘ఎందుకు చేయాలి’ అన్నది అందదు.

దీనికి మంచి ఉదాహరణ ప్లగ్ గురించిన సలహా. పని చేసేటప్పుడు ప్లగ్ తీయకండి, కేబినెట్‌కు ఎర్త్ ఉంటుందని పాతతరం వారు చెప్పేవారు. పాత యంత్రాల్లో స్విచ్ ఆపితే బోర్డుకు కరెంటు పూర్తిగా ఆగేది కనుక ఆ సలహాకు అప్పట్లో కొంత అర్థం ఉంది. ఏ.టి.ఎక్స్. యంత్రాల్లో కంప్యూటర్‌ను ఆపినా, ప్లగ్ పెట్టి ఉన్నంతసేపు మదర్‌బోర్డు మీద 5 వోల్టులు ఉంటాయి. ఆ స్థితిలో కార్డు తీసినా, పెట్టినా అది దెబ్బ తినవచ్చు. పైగా మన ఇళ్ళల్లో చాలాచోట్ల మూడు రంధ్రాల సాకెట్ ఉన్నా, దాని వెనక ఎర్త్ తీగ ఉండదు. కేబినెట్ ముట్టుకుంటే చెయ్యి జిల్లుమనడం మీకు అనుభవమై ఉండవచ్చు. పవర్ సప్లయ్‌లోని ఫిల్టర్ కెపాసిటర్ల ద్వారా కేబినెట్‌కు కొద్దిపాటి కరెంటు చేరుతుంది. ఎర్త్ ఉంటే అది భూమిలోకి పోతుంది, లేకపోతే మన గుండా పోతుంది. కాబట్టి ఒక కాలపు సలహాను మరో కాలానికి, ఒక దేశపు సలహాను మరో దేశానికి యథాతథంగా వర్తింపజేయకూడదు.

7. మారని జాగ్రత్తలు

ఆకారాలు ఎంత మారినా కొన్ని జాగ్రత్తలు మారలేదు.

ప్లగ్‌ను గోడ సాకెట్ నుంచి తీసి, ఆ తరవాత పవర్ బటన్‌ను ఒకసారి నొక్కి వదలండి. లోపల మిగిలిన విద్యుత్తు చాలావరకు ఖర్చవుతుంది. భాగాన్ని తీసే ముందు కేబినెట్ రంగు లేని లోహపు చోట ముట్టుకోండి, పని జరుగుతున్నంతసేపు మధ్యమధ్య ముట్టుకుంటూ ఉండండి. బోర్డును అంచులతో పట్టుకోండి. పాత పవర్ సప్లయ్ వెనక 115, 230 అని ఎర్ర స్విచ్ ఉంటే అది 230 వైపే ఉందో లేదో చూడండి. 115 వైపు ఉంచి మన కరెంటు ఇస్తే అది పేలిపోతుంది.

అన్నిటికన్నా ముఖ్యమైనది: పవర్ సప్లయ్ డబ్బాను గాని, పాత పిక్చర్ ట్యూబు మానిటర్‌ను గాని విప్పకండి. పవర్ సప్లయ్ కెపాసిటర్లలో సుమారు 325 వోల్టులు, ప్లగ్ తీసిన తరవాత కూడా కొంతసేపు నిలవ ఉండవచ్చు. కలర్ పిక్చర్ ట్యూబులో 20,000 వోల్టులకు పైగా ఉంటుంది. మిగతాచోట్ల తప్పు జరిగితే పోయేది డబ్బు. ఇక్కడ పోయేది ప్రాణం.

8. సారాంశం

1975లో కంప్యూటర్ బిగించాలంటే టంకం వేయడం తెలియాలి. 1981 తరవాత జంపర్లు, తీగల రంగులు గుర్తుండాలి. 1995 తరవాత ఆ జ్ఞానంలో చాలా భాగం విడిభాగాల ఆకారంలోకే చేరిపోయింది. తొలితరం అభ్యాసకులు చేసిన తప్పులే రూపకర్తలకు పాఠాలయ్యాయి. కాబట్టి ఒక భాగం పట్టకపోతే బలం ఉపయోగించకండి, మిమ్మల్ని మీరు నిందించుకోకండి. ఆగి, అది ఎందుకు పట్టడం లేదో చూడండి. ఆకారం చెప్పగలిగిన జాగ్రత్తను ఆకారం చెబుతుంది. కరెంటు విషయంలో జాగ్రత్తను మాత్రం ఇప్పటికీ మనిషే గుర్తుంచుకోవాలి.

9. నమూనా పరీక్షా ప్రశ్నలు

I. కింది ప్రశ్నలకు 10 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. మణికట్టు పట్టీలో నిరోధకం ఎందుకు ఉంటుంది?
2. ‘నల్ల తీగలు మధ్యలో’ అన్న సూత్రం ఎందుకు పుట్టింది, ఎందుకు అవసరం లేకుండా పోయింది?

II. కింది ప్రశ్నలకు 30 పంక్తుల్లో సమాధానాలు రాయండి.
1. కొత్త అభ్యాసకుల తప్పులకు బాధ్యత మనిషి నుంచి వస్తువు రూపకల్పన వైపు ఎలా మళ్ళిందో ఉదాహరణలతో చర్చించండి.
2. మీ ఊళ్ళో కంప్యూటర్ మరమ్మతు పని నేర్చుకున్న ఒకరిని కలిసి, వారు ఆ పని ఎలా నేర్చుకున్నారో తెలుసుకొని, ఈ పాఠంలోని అంశాలతో పోల్చి రాయండి.