తూటాలు నింపే క్షణం: షూటర్ గేముల్లో రీలోడ్ పుట్టుక

వీడియో గేముల చరిత్ర చెప్పేవాళ్లు తుపాకిలో తూటాలు నింపే వ్యవహారం దగ్గరికి వచ్చేసరికి దాదాపు ఒకే కథ చెబుతారు. మొదట్లో కంప్యూటర్లకు శక్తి చాలలేదు, అందుకే తూటాలంటే తెర అడుగున ఒక అంకె. తర్వాత బొమ్మలు మెరుగయ్యాయి, తుపాకులు అసలువాటిలా కనబడ్డాయి, కాబట్టి అసలువాటిలాగే మేగజీన్ మార్చాల్సి వచ్చింది. 1997లో లూకాస్‌ఆర్ట్స్ వాళ్ల ‘అవుట్‌లాస్’ రీలోడ్ కీని కనిపెట్టింది, 1998లో ‘హాఫ్-లైఫ్’ దాన్ని అందరికీ అలవాటు చేసింది. అలా మెట్టు మెట్టుగా ఎక్కుతూ నేటి ‘ఎస్కేప్ ఫ్రమ్ టార్కోవ్’ దాకా వచ్చాం. కథ వినడానికి బాగానే ఉంది. ఏ ఆట ఎప్పుడొచ్చిందో పక్కపక్కన పెట్టి చూస్తేనే అతుకులు ఊడిపోతాయి.

తొలి దశ గురించి పెద్ద తగాదా లేదు. 1975లో జపాన్ కంపెనీ టైటో చేసిన ‘వెస్టర్న్ గన్’ను అమెరికాలో మిడ్‌వే ‘గన్ ఫైట్’ పేరుతో తెచ్చింది. అందులో ఇద్దరు కౌబాయ్‌లు, ఒక్కొక్కరికి ఆరే తూటాలు. 1992 నాటి ‘వుల్ఫెన్‌స్టైన్ 3డి’లో 99కి మించి మోయలేం. మరుసటి ఏడాది వచ్చిన ‘డూమ్’లో పిస్తోలు, చైన్‌గన్ రెండూ ఒకే కుప్పలోంచి తింటాయి, మామూలుగా ఆ కుప్పకు హద్దు 200. ‘డూమ్ 2’లో రెండు గొట్టాల షాట్‌గన్ ప్రతి కాల్పు తర్వాతా తెరుచుకుని తూటాలు వేసుకుంటుంది నిజమే. అయితే అది కాల్పులోనే ఒక భాగం. ఎప్పుడు నింపుకోవాలన్న నిర్ణయం ఆటగాడి చేతిలో లేదు.

అసలు తగాదా 1994 నుంచి 1998 దాకా నడిచిన నాలుగేళ్ల మీద. ముందు ‘అవుట్‌లాస్’ హక్కు సంగతి చూద్దాం. అది రావడానికి రెండున్నరేళ్ల ముందే, 1994 సెప్టెంబరులో, ‘సిస్టమ్ షాక్’ వచ్చింది. అందులో తూటాల రకం ఎంచుకుని ఆయుధంలో ఎక్కించుకోవాలి. అదే ఏడాది డిసెంబరులో బంగీ సంస్థ మెకింటాష్ కోసం తెచ్చిన ‘మారథాన్’లో తుపాకులకు మేగజీన్లున్నాయి. కాకపోతే పూర్తిగా ఖాళీ అయితే తప్ప మారవు, మార్చమని అడగడానికి వీల్లేదు. తలుపు అవతల శత్రువుల గుంపు ఉందని తెలుసు, తుపాకిలో మూడే తూటాలు మిగిలాయి. ఏం చేస్తాం? ఆ మూడూ గోడకు కొట్టేస్తాం. నిండు మేగజీన్ ఎక్కాక తలుపు తీస్తాం. ‘మారథాన్’ ఆడినవాళ్లకు ఈ గోడ కాల్పులు బాగా తెలిసినవే. ‘అవుట్‌లాస్’ దిద్దింది సరిగ్గా ఈ ఇబ్బందినే. రివాల్వర్‌లో ఒక్కొక్క తూటా వేసుకోవచ్చు, మూడు వేశాక శత్రువు ఎదురైతే అక్కడే ఆపి కాల్చవచ్చు. దాని ఘనత ఆ నిర్ణయాన్ని ఆటగాడికి అప్పగించడంలో ఉంది. రీలోడ్‌ను కనిపెట్టిందన్న కీర్తి మాత్రం దానికి ఎక్కువే.

మరి ఆ ఆలోచన ఎక్కడిది? నా అభిప్రాయంలో దాని పుట్టిల్లు ఆర్కేడ్, నాణెం వేసి ఆడే యంత్రాల గది. ఇంటి కంప్యూటర్ల చరిత్ర రాసేవాళ్లు అటు తొంగి చూడరు. 1987లో టైటో ‘ఆపరేషన్ వుల్ఫ్’ వచ్చింది. యంత్రానికి ఉజీ లాంటి తుపాకి బిగించి ఉంటుంది, ట్రిగ్గర్ నొక్కి పట్టుకుంటే ఆగకుండా పేలుతుంది. తూటాలు కావాలంటే తెర మీద కనిపించే మేగజీన్ బొమ్మను కాల్చి సంపాదించుకోవాలి. 1992లో కొనామీ ‘లీథల్ ఎన్‌ఫోర్సర్స్’, 1994లో సెగా ‘వర్చువా కాప్’ ఇంకో అడుగు వేశాయి: తూటాలు అయిపోగానే తుపాకిని తెర బయటికి తిప్పి ట్రిగ్గర్ నొక్కాలి. ఏ సైనికుడూ ఏ పోలీసూ తుపాకిని ఇలా నింపడు. వాస్తవికత కోసం పుట్టిన పద్ధతైతే ఇంత అవాస్తవంగా ఎందుకుంటుంది?

యంత్రం యజమానికి కావలసింది వేరు. ఆట కొన్ని నిమిషాల్లో ముగియాలి, ఓడినవాడు మళ్లీ నాణెం వేయాలి. ట్రిగ్గర్ వదలకుండా పట్టుకున్నవాడిని ఓడించడం కష్టం; ఆరు కాల్పులకోసారి వాడి చేయి ఖాళీ అయితే ఓడించడానికి ఒక సందు దొరుకుతుంది. ఇది లెక్కల పుస్తకం చూసి అంటున్న మాట కాదు, ఆటల తీరు చూసి చేస్తున్న ఊహ. అయితే 1995లో నామ్కో ‘టైమ్ క్రైసిస్’ చూశాక ఆ ఊహ మీద నాకు నమ్మకం పెరిగింది. అందులో కాలి కింద పెడల్ ఉంటుంది. నొక్కితే మన పాత్ర లేచి కాలుస్తుంది, వదిలితే గోడ చాటున కూర్చుంటుంది. కూర్చోగానే ఆరు తూటాలూ నిండిపోతాయి. కానీ పైన గడియారం ఆగదు. దాక్కున్న ప్రతి సెకనూ మన ఖాతాలోంచే పోతుంది. ఇక్కడ తూటా నింపడమంటే ప్రాణానికీ కాలానికీ మధ్య బేరం.

ఈ బేరం ఇంట్లోకి వచ్చిన దారికి సాక్ష్యం ఉంది. 1997 ఆగస్టులో నింటెండో 64 మీద వచ్చిన ‘గోల్డెన్‌ఐ 007’ను రేర్ సంస్థలో నడిపించిన మార్టిన్ హాలిస్, తమ ఆటకు ‘వర్చువా కాప్’ పెద్ద ప్రేరణ అని తానే చెప్పాడు. తూటాలు నింపుకోవడం, దెబ్బ ఎక్కడ తగిలితే శత్రువు అందుకు తగ్గట్టు తూలడం అక్కడినుంచి వచ్చినవే. ఒక దశలో, కంట్రోలర్‌కు తగిలించే రంబుల్ ప్యాక్‌ను ఊడబీకి మళ్లీ గుచ్చితే మేగజీన్ మారేలా పెట్టాలనుకున్నారట, నింటెండో ఇష్టపడలేదు. ఆ ప్లాస్టిక్ డబ్బా ఎన్ని రోజులు బతికేదో గానీ, ఆలోచనలో ఆర్కేడ్ వాసన గట్టిగా ఉంది.

అన్నిటికీ ఆర్కేడే మూలమని మాత్రం అనను. ‘సిస్టమ్ షాక్’ తూటాలు రోల్-ప్లేయింగ్ ఆటల సామాన్ల మూటలోంచి వచ్చాయి. ‘అవుట్‌లాస్’ రివాల్వర్ కౌబాయ్ సినిమాల్లోంచి వచ్చింది. 1998 నాటి ‘రెయిన్‌బో సిక్స్’ టామ్ క్లాన్సీ సైనిక నవలల బిడ్డ. అయితే ఈ దారుల్లో ఏది రహదారి అయింది? దానికి జవాబు సగం వాడిన మేగజీన్‌లో దొరుకుతుంది.

1999లో మొదలైన ‘కౌంటర్-స్ట్రైక్’లో ఏకే-47కి తుపాకిలో 30, బయట 90 తూటాలు. పదకొండు కాల్చి రీలోడ్ కొడితే అంకెలు 30, 79 అవుతాయి. తీసేసిన మేగజీన్‌లో మిగిలిన పంతొమ్మిదీ సగం తిన్న విస్తట్లో అన్నాన్ని మళ్లీ గుండిగలో పోసినట్టు మొత్తం లెక్కలో కలిసిపోతాయి. ‘హాఫ్-లైఫ్’లోనూ ఇదే తీరు. అప్పటి కంప్యూటర్లకు అంతకంటే చేతకాలేదనడానికి లేదు. ‘రెయిన్‌బో సిక్స్’లో సగం వాడిన మేగజీన్ సగంగానే జేబులోకి పోతుంది, తర్వాత అదే చేతికి రావచ్చు. 2001 నాటి ‘ఆపరేషన్ ఫ్లాష్‌పాయింట్’లోనూ అంతే. 2002 నాటి ‘మాఫియా’లోనైతే మేగజీన్ మారిస్తే అందులో మిగిలినవి పోయినట్టే. మూడు పద్ధతులూ అందుబాటులో ఉన్నాయి. వ్యాపారంలో నెగ్గింది అన్నిటికంటే అబద్ధమైనది. చేయి ఖాళీగా ఉండే ఆ రెండు మూడు సెకన్లను ఉంచుకుని, మిగతా లెక్కను వదిలేశారు. ఆర్కేడ్ ఇచ్చింది ఆ సెకన్లనే.

వాస్తవికత పేరుతో తప్పు పాఠం చెప్పిన సందర్భమూ ఉంది. రెండో ప్రపంచ యుద్ధం నాటి అమెరికన్ రైఫిల్ ఎం1 గారండ్‌లో ఎనిమిది తూటాల క్లిప్ పెడతారు. చివరి తూటా పేలగానే ఖాళీ క్లిప్ ‘టింగ్’మని ఎగిరిపడుతుంది. ‘మెడల్ ఆఫ్ ఆనర్: అలైడ్ అసాల్ట్’ (2002), ‘కాల్ ఆఫ్ డ్యూటీ’ (2003) రెండింట్లోనూ ఎనిమిదీ అయ్యేదాకా గారండ్‌ను నింపనివ్వరు. ఆడినవాళ్లు అసలు రైఫిల్ గుణమే అదనుకున్నారు. నిజానికి బోల్టు వెనక్కి లాగి, పక్కన ఉన్న చిన్న మీట నొక్కితే సగం వాడిన క్లిప్ బయటికి వస్తుంది. ఆటకు అనుకూలమైన నియమం చరిత్ర వేషం వేసుకుంది, అంతే. ‘మారథాన్’ గోడ కాల్పులు కూడా దానితోపాటే తిరిగొచ్చాయి.

2006లో ఆర్కేడ్ దారీ వాస్తవికత దారీ ఒకే ఏడాది బాహాటంగా విడిపోయాయి. ‘గేర్స్ ఆఫ్ వార్’ రీలోడ్‌ను పందెంగా మార్చింది. గీత మీద కదిలే గుర్తును సరైన చోట ఆపితే తూటాలకు బలం పెరుగుతుంది, తప్పితే తుపాకి మొరాయిస్తుంది. వాస్తవమని చెప్పుకోకపోవడమే దాని నిజాయితీ. ‘రెడ్ ఆర్కెస్ట్రా’ తెర మీది అంకెనే తీసేసింది. కొత్త మేగజీన్ బరువుగా ఉందో తేలికగా ఉందో చెబుతుంది, మిగతాది నువ్వే గుర్తుపెట్టుకోవాలి. ఇదీ మొదటిసారి కాదు. 1998లో వచ్చి నవ్వులపాలైన ‘ట్రెస్‌పాసర్’లో తెర మీద ఒక్క అంకె లేదు, నాయిక చేతిలోని తుపాకిలో ఎన్ని మిగిలాయో తనే గొణుక్కుంటుంది. నింపుకునే వీల్లేదు, అయిపోతే పారేసి ఇంకోటి వెతుక్కోవాలి. ఆ ఆటను వెక్కిరించిన చరిత్రకారులు ఈ ఒక్క విషయంలోనైనా ఆగి చూడాల్సింది.

ఇక ఇప్పటి పరిస్థితి. 2019 ‘మోడర్న్ వార్‌ఫేర్’లో వేళ్లు మేగజీన్‌ను పట్టుకునే తీరు చూస్తే ముచ్చటేస్తుంది, ఖాళీ తుపాకికి ఒక కదలిక, సగం నిండినదానికి ఇంకొకటి. ఇంత పనితనం కింద పాత గుండిగ లెక్కే. ‘టార్కోవ్’ దీనికి పూర్తిగా ఎదురు దిక్కు. మేగజీన్‌లో తూటాలు ఒక్కొక్కటీ ఎక్కించాలి, దానికి సమయం పడుతుంది. తీసి చూస్తే ‘సుమారు సగం’ అని మాత్రమే తెలుస్తుంది. నాకు నచ్చుతుంది గానీ, కొంతసేపటికి యుద్ధం పోయి గోదాము గుమాస్తాగిరీ మిగులుతుంది. మన కుర్రాళ్లు ఫోన్ల మీద ఆడే బీజీఎంఐ అనే షూటర్‌లో ‘ఫైవ్ అమ్మో ఉందా, సెవెన్ అమ్మో ఉందా’ అని అరుచుకోవడం వింటే తూటాల కొలతల మీద పట్టు బాగానే కుదిరిందనిపిస్తుంది. అక్కడా విడి తూటాల కుప్పే, మేగజీన్ వట్టి అలంకారం.

ఈ మొత్తంలో నా ఓటు 2012లో వోల్ఫైర్ వాళ్లు ఒక వారం పోటీ కోసం చేసిన ‘రిసీవర్’కు. మేగజీన్ దించడానికి ఒక కీ, తూటా దూర్చడానికి ఒకటి, స్లయిడ్ లాగడానికి ఇంకోటి. కంగారులో స్లయిడ్ లాగడం మరిచిపోతే ట్రిగ్గర్ నొక్కినా టిక్కుమంటుంది తప్ప పేలదు. ఆ కంగారు నటన కాదు, ఆడేవాడి వేళ్లలోనే పుడుతుంది. పెద్ద కంపెనీలు దాన్ని తాకలేదు, అమ్ముడుపోయే సరుకు కాదు గనుక.

వాస్తవికతే ఈ చరిత్రను నడిపిందనేవాళ్లు 2022 నవంబరులో ‘కౌంటర్-స్ట్రైక్’ సంస్థ వాల్వ్ చేసిన మార్పును కూడా లెక్కలోకి తీసుకోవాలి. ‘కౌంటర్-స్ట్రైక్’లోని స్నైపర్ రైఫిల్ ఏడబ్ల్యూపీకి మొదటినుంచీ మేగజీన్‌లో పది తూటాలు. దానికి నమూనా అయిన బ్రిటిష్ రైఫిల్‌కు ఉండేవి అయిదు. రెండు దశాబ్దాలకు పైగా ఆ తేడాను ఎవరూ దిద్దలేదు. చివరికి పదిని అయిదు చేశారు. ఆటగాళ్లెవరూ దాన్ని తప్పు సవరణ అనలేదు. మరీ బలంగా ఉన్న తుపాకికి ముకుతాడు వేశారనే అన్నారు, ఆరో కాల్పు దగ్గరికి వచ్చేసరికి చేయి ఖాళీగా దొరుకుతుందని.