రంగం మేస్త్రి, నా మేస్త్రి

ఒంటరిగా కన్సల్టింగ్ చేసుకునే నాలాంటివాళ్ళకి ఏఐ ఇప్పుడు మేస్త్రి అయింది. ఉత్తరాలకి జవాబులు, బిల్లులు, గడువులు అన్నీ అదే చూస్తోంది. మేస్త్రి అన్న మాట ఊరికే వాడలేదు. ఈ యాంగోన్‌లో మనవాళ్ళకి ఆ మాటతో పెద్ద కథే ఉంది.

మన తాతలకి ఇది రంగం. కాకినాడ, విశాఖ రేవుల్లో ఓడెక్కొచ్చి ఇక్కడి రేవులో, బియ్యం మిల్లుల్లో మూటలు మోశారు. కోరంగి రేవు పేరు మీద వీళ్ళని ఇక్కడివాళ్ళు 'కొరంగీలు' అన్నారు. ఓడ ఖర్చుకి అడ్వాన్సిచ్చి తెచ్చేది మేస్త్రి, పని పంచేది మేస్త్రి. కంపెనీ ఇచ్చిన డబ్బులో అప్పు పట్టుకుని మిగిలింది చేతిలో పెట్టేదీ అతనే. దొరకి కూలీ మొహం తెలీదు, కూలీకి దొర ఎంతిచ్చాడో తెలీదు. లెక్కంతా మధ్యవాడి దగ్గరే. అతని బలమూ అదే.

1930 మే నెలలో రేవు కూలీలు కూలి పెంచమని సమ్మె కట్టారు. కంపెనీలు బర్మా కూలీలని పెట్టుకున్నాయి. రాజీ కుదిరి మనవాళ్ళు తిరిగి పనిలోకొస్తే బర్మావాళ్ళని పొమ్మన్నారు. మే 26న అల్లర్లు మొదలయ్యాయి. వందమందికి పైగా చనిపోయారు, ఎక్కువగా మనవాళ్ళే. పెట్టుకునేదీ పొమ్మనేదీ పైవాళ్ళు, తన్నుకుని చచ్చింది కూలీలు.

నా మేస్త్రికి దురాశ లేదు, వడ్డీ అడగదు. కానీ క్లయింటు ఏమన్నాడో కూడా అది చెప్తేనే నాకు తెలిసే రోజొస్తే, నేనూ ఆ దొరలాంటివాణ్ణే. అందుకని పని దానికిచ్చాను. బిల్లు పంపేముందు చూసేదీ, క్లయింటుతో ఫోన్లో మాట్లాడేదీ మాత్రం నేనే. మీరైతే ఏం చేస్తున్నారు?