ప్రళయకావేరి తీరానికి వచ్చిన పరదేశులు



ఎండకాసే సముద్రతీరాలు పరదేశీయులను ఆకర్షించడం కొత్త కాదు. ఫ్రాన్సు దేశానికి దక్షిణాన, మధ్యధరా సముద్రం ఒడ్డున నీస్ అనే పట్టణం ఉంది. చలికాలం వస్తే ఇంగ్లీషువారు వెచ్చదనం కోసం అక్కడికి చేరేవారు. 1820లలో వారు చందాలు వేసుకుని తీరం వెంట వేయించిన బాట నేటికీ వారి పేరుతోనే ఉంది.

అంతకు రెండువందల ఏళ్ళ ముందే పరదేశులు వచ్చి కాపురముండిన తీరం మన తిరువళ్ళూరు జిల్లాలో ఉంది. మనం ప్రళయకావేరి అనీ, తమిళులు పళవేర్కాడు అనీ పిలిచే పులికాట్ అది.

16వ శతాబ్ది ఆరంభంలో పోర్చుగీసువారు వచ్చారు. తర్వాత డచ్చివారు వచ్చారు. చంద్రగిరి, వేలూరు కోటల నుంచి పాలించిన విజయనగర చక్రవర్తి రెండవ వెంకటపతిరాయలు 1610లో వారికి వర్తకానికి అనుమతి ఇచ్చాడు. 1612లో పోర్చుగీసువారు వారి కొఠీని ధ్వంసం చేశారు. మరుసటి ఏడే డచ్చివారు గెల్డ్రియా కోట కట్టుకున్నారు. 1690 వరకు కోరమండల తీరంలో వారికి అదే ముఖ్యస్థానం.

వారిని ఇంతదూరం రప్పించింది మన నూలుబట్ట. లవంగం, జాజికాయ పండే తూర్పు దీవులలో ఈ బట్టకే గిరాకీ. బట్ట ఇచ్చి సుగంధద్రవ్యాలు కొనేవారు. ఆ బట్టకు మన ఎండే ప్రాణం. ఉతికిన గుడ్డను ఎండలో పరిచి తెల్లబరచాలి. ఎర్రరంగు ఇచ్చే చిరివేరు ఈ ఇసుక నేలల్లోనే పెరుగుతుంది. నేతగాళ్ళు, అద్దకంవాళ్ళు, చాకళ్ళు పడిన కష్టం మీద ఆ వర్తకమంతా నిలిచింది.

అప్పుడు వచ్చినవారిలో అబ్రహాం రోజేరియస్ అనే మతాచార్యుడు ఉన్నాడు. పద్మనాభుడనే బ్రాహ్మణుని సాయంతో భర్తృహరి సుభాషితాలను డచ్చి భాషలోకి మార్చాడు. ఆ గ్రంథం 1651లో అచ్చయింది. మన బడిపిల్లలు వల్లెవేసే భర్తృహరి ఐరోపా చేరడానికి దారి పులికాట్ నుంచే పడిందన్నమాట.

అయితే ఆ రేవు నుంచి బట్టలొక్కటే పోలేదు. కరవుకాలంలో ఆకలికి అమ్ముడుపోయిన మనుషులను కూడా కొని, బతావియాకు, అంటే నేటి జకార్తాకు, బానిసలుగా ఓడలెక్కించారు. పొట్టకూటి కోసం బిడ్డలను వదులుకున్న తల్లుల గోడు ఏ లెక్కల పుస్తకంలోనూ లేదు.

1690లో డచ్చివారి ముఖ్యస్థానం నాగపట్టణానికి మారింది. పులికాట్ కళ తగ్గింది. 19వ శతాబ్ది ఆరంభంలో కోట పడగొట్టారు. 1825లో ఊరు ఇంగ్లీషువారి పాలయింది.

నేడు అక్కడ పురావస్తుశాఖ రక్షణలో డచ్చివారి సమాధులు ఉన్నాయి. ద్వారం దగ్గర రాతిలో చెక్కిన అస్థిపంజరాలు మనల్ని పలకరిస్తాయి. సరస్సులో ఎక్కువ భాగం ఆంధ్రప్రదేశ్‌లో, ఊరు తమిళనాడులో. చలికాలంలో వచ్చే రాజహంసలకు మాత్రం ఈ సరిహద్దు పట్టదు.

పొన్నేరి దాకా రైలులో వెళ్ళి, అక్కడ బస్సు ఎక్కితే పులికాట్ చేరవచ్చు. సెలవుల్లో పిల్లలను తీసుకువెళ్ళండి. వర్తకుల పేర్లు రాళ్ళ మీద చదివించండి. ఆ తర్వాత, ఏ రాతి మీదా పేరు లేని నేతగాళ్ళ గురించీ, ఓడలెక్కిపోయిన అభాగ్యుల గురించీ చెప్పండి. వారు మనవాళ్ళు. వారిని తలుచుకోవలసింది మనమే.