చెట్టు రాయిగా మారితే.. దొరికింది కదా అని ఇంటికి తెచ్చుకోవచ్చా? రూల్స్ ఏం చెబుతున్నాయంటే..

అమెరికాలో కొండల్లో తిరుగుతూ రాయిగా మారిన చెట్టు ముక్కల్ని ఏరి, బ్యాగులో వేసుకునే వీడియోలు ఈమధ్య ఫోన్లలో బాగా కనిపిస్తున్నాయి. అవి చూసి మైపాడు బీచ్‌లోనో, పెన్నా ఇసుకలోనో వెతుకుదాం అనుకుంటున్నారా? అయితే ముందు ఇది తెలుసుకోండి.

చెట్టు రాయి ఎలా అవుతుంది?

నేలకూలిన చెట్టు కుళ్లిపోకముందే బురద, ఇసుక కింద కూరుకుపోవాలి. అక్కడ గాలి తగలదు. భూగర్భ జలాల్లోని సిలికా మెల్లగా చెక్కలోకి చేరి గట్టిపడుతుంది. లక్షల ఏళ్లకు చెట్టు రూపం, నార, వలయాలు అలాగే ఉంటాయి. కానీ చెక్క మాత్రం రాయి అయిపోతుంది. దీన్నే శిలాజ కలప అంటారు.

అమెరికా రూల్ ఏంటి?

అక్కడ ప్రభుత్వ భూముల్లో సొంత సరదా కోసం రోజుకు 25 పౌండ్లు (సుమారు 11 కిలోలు), దాంతోపాటు ఒక ముక్క తీసుకెళ్లొచ్చు. ఏడాదికి 250 పౌండ్లు దాటకూడదు. అమ్మకూడదు. ఇదీ అన్నిచోట్లా కాదు. అరిజోనాలోని పెట్రిఫైడ్ ఫారెస్ట్ నేషనల్ పార్క్‌లో చిన్న ముక్క తీసినా నేరమే.

మరి మన దగ్గర?

హాబీ కోసం ఇన్ని కిలోలు తీసుకోవచ్చు అనే వెసులుబాటు ఇక్కడ లేదు. రిజర్వ్ ఫారెస్ట్‌లో అనుమతి లేకుండా రాయి తీసినా ఏపీ అటవీ చట్టం-1967 కింద కేసు పెట్టొచ్చు. ఉమ్మడి నెల్లూరు పరిధిలోని పులికాట్, నేలపట్టు పక్షుల అభయారణ్యాల్లో వన్యప్రాణి సంరక్షణ చట్టం-1972 వర్తిస్తుంది. ఇలాంటి భూవారసత్వ సంపద కోసమే కేంద్ర గనుల శాఖ 2022లో ఒక ముసాయిదా బిల్లును విడుదల చేసింది.

నెల్లూరు తీరంలో దొరుకుతుందా?

అవకాశం చాలా తక్కువ. భూమ్మీద చెట్లు వచ్చి సుమారు 38 కోట్ల ఏళ్లే. గూడూరు మైకా గనుల ప్రాంతంలోని రాళ్లు అంతకంటే చాలా పాతవి. కడప వైపు నుంచి పెన్నా మోసుకొచ్చే గులకరాళ్లూ ఎక్కువగా అంతే. పొరలు పొరలుగా, చారలతో ఉండే రాయిని చూసి చెక్క అని పొరబడటం సహజం. బీచ్‌లోకి కొట్టుకొచ్చే దుంగలు మాత్రం మామూలు కలపే.

మనకు దగ్గర్లో మొక్కల శిలాజాలు ఉన్నది ఒంగోలు ప్రాంతంలోని వేమవరం, తమిళనాడు సరిహద్దులోని సత్యవేడు వైపు. అక్కడ ముఖ్యంగా ఆకుల అచ్చులు దొరికాయి.

కళ్లారా చూడాలంటే..

చెన్నై దాటి విల్లుపురం జిల్లా తిరువక్కరై వెళ్లండి. సుమారు 2 కోట్ల ఏళ్ల నాటి మానులు అక్కడ నేలమీదే పడి ఉన్నాయి. స్థానికులు 'కల్‌మరం' అంటారు, అంటే రాతి చెట్టు. జియలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా (జీఎస్ఐ) దీన్ని జాతీయ భూవిజ్ఞాన స్మారకంగా కాపాడుతోంది.

నిజంగానే దొరికితే ఏం చేయాలి?

* కదిలించొద్దు, పగలగొట్టొద్దు. ఏ పొరలో ఉందనేదే దాని వయసు చెప్పే ఆధారం. ఇంటికి తెస్తే అది షోకేస్‌లో రాయి, అంతే.
* పక్కన పెన్నో, రూపాయి బిళ్లో పెట్టి ఫొటో తీయండి. సైజు తెలుస్తుంది.
* ఫోన్‌లో లొకేషన్ సేవ్ చేయండి. రీల్ పెట్టినా లొకేషన్ మాత్రం బయటపెట్టొద్దు. మర్నాటికి అక్కడ ఏమీ మిగలదు.
* హైదరాబాద్‌లోని జీఎస్ఐ దక్షిణ ప్రాంత కార్యాలయానికి గానీ, దగ్గర్లోని యూనివర్సిటీ జియాలజీ విభాగానికి గానీ ఫొటోలు పంపండి.

రాయి అక్కడే ఉండనివ్వండి. ఫొటో మాత్రం మీదే.