బడి దాటిన తరువాత: ఆస్పెర్జర్ లక్షణముల కథ

ఇటువంటి విద్యార్థి ఎప్పుడో ఒకప్పుడు ప్రతి ఉపాధ్యాయునికీ ఎదురగును. తిరువూరు బస్‌స్టాండు నుండి ఏ బస్సు ఎన్ని గంటలకు విజయవాడకు పోవునో అతనికి కంఠస్థము. లెక్కలలో పొరపాటు పడడు. కాని తోటివారు వేళాకోళమాడినచో నిజమని నమ్మును. ఆటలలో కలియడు. తరగతుల వేళలు మారినచో కలత చెందును. "వీడొక వింత మనిషి" అని అందరును నవ్వి ఊరకుందురు. పదవ తరగతి ముగియును. ఆ తరువాత అతని గతి ఏమి?

ఈ ప్రశ్న అడుగుటకు వైద్యశాస్త్రమునకు చాలకాలము పట్టినది. మొదట అది పిల్లలను మాత్రమే చూచినది. 1925లో మాస్కో వైద్యురాలు గ్రున్యా సుఖరేవా ఇట్టి బాలురు ఆరుగురిని వర్ణించినారు. 1943లో అమెరికాలో లియో కానర్ 11 మంది పిల్లలను గూర్చి వ్రాసి, వారి స్థితికి ఆటిజం అను పేరు వాడినాడు. మరుసటి సంవత్సరమే వియన్నాలో హాన్స్ ఆస్పెర్జర్ మరి నలుగురు బాలురను వర్ణించినాడు. వారికి మాటలు వచ్చును, తెలివి కలదు; కాని నలుగురిలో మెలగుట తెలియదు.

ఈ చరిత్రలో ఒక చీకటి కోణము కూడ ఉన్నది. అప్పుడు వియన్నా నాజీల పాలనలో ఉండెను. వికలాంగులైన పిల్లలను చంపిన "ఆమ్ స్పీగల్‌గ్రుండ్" అను సంస్థకు ఆస్పెర్జర్ కొందరు పిల్లలను పంపించినట్లు 2018లో హెర్విగ్ చెక్ అను చరిత్రకారుడు పాత దస్తావేజుల నుండి వెల్లడించినాడు. "దేశమునకు పనికివచ్చువాడు, పనికిరానివాడు" అని మనుష్యులను విడదీసినచో ఏమగునో తెలిసికొనుటకు ఇంతకన్న నిదర్శనము అక్కరలేదు.

పెద్దల వంక చూపు మరల్చినది ఇంగ్లండు వైద్యురాలు లోర్నా వింగ్. 1981లో ఆమె వ్రాసిన వ్యాసముతో ఆస్పెర్జర్ సిండ్రోం అను పేరు ప్రచారములోనికి వచ్చినది. అందులో ఆమె 34 మందిని గూర్చి చెప్పినారు. వారి వయస్సు 5 నుండి 35 ఏండ్ల వరకు ఉన్నది. అనగా, పిల్లవాడు పెద్దవాడైనను ఈ లక్షణములు అతనితోనే ఉండునని తేలినది. తరువాత 2013లో అమెరికా మనోవైద్యుల గ్రంథమును, 2022లో అమలైన ప్రపంచ ఆరోగ్య సంస్థ వర్గీకరణమును ఈ ప్రత్యేక నామమును తొలగించి, అన్నిటిని ఆటిజం స్పెక్ట్రం అను ఒకే గొడుగు క్రిందికి తెచ్చినవి. పేరు మారినను మనిషి మారలేదు.

మరి పెద్దవారికి ఏది ఉపకరించును? దీనికి చక్కని ఉదాహరణము కానర్ చూచిన 11 మందిలో మొదటివాడైన డొనాల్డ్. తల్లిదండ్రులు అతనిని చిన్నతనమున ఒక రైతు దంపతుల ఇంట ఉంచినారు. వారు వైద్యులు కారు. అతనికి కొలతలయందు విపరీతమైన ఆసక్తి ఉన్నదని గమనించి, బావి త్రవ్వి లోతు చెప్పుమన్నారు. మొక్కజొన్న సాళ్లను లెక్కించుట అతనికి అలవాటు; లెక్కించుచునే దున్నుమన్నారు. అతడు డిగ్రీ చదివి, బ్యాంకులో ఉద్యోగము చేసి, 2023లో 89 ఏండ్ల వయస్సున మరణించినాడు. 1971లో కానర్ తన పాత రోగులను మరల పరిశీలించినప్పుడు, ప్రభుత్వాసుపత్రులలో వదలివేయబడినవారు ఉన్న శక్తులు కూడ కోల్పోయినట్లు చూచినాడు. రోగము ఒకటే, ఆదరణము వేరు.

ఆదరణము అదృష్టముపై ఆధారపడరాదు. అందుకే చట్టములు పుట్టినవి. ఇంగ్లండులో 2009లో ఆటిజం గల వయోజనుల కొరకు ప్రత్యేకముగా ఒక చట్టము చేసినారు. మన దేశములో 1995 నాటి వికలాంగుల చట్టము ఏడు వైకల్యములను పేర్కొన్నది. అందులో ఆటిజం లేదు. 1999లో వచ్చిన నేషనల్ ట్రస్టు చట్టము మొదటిసారిగా దానిని చేర్చినది. 2016 నాటి హక్కుల చట్టము 21 వైకల్యములను గుర్తించి, ఆటిజం, మానసిక వైకల్యము మొదలైనవారికి కలిపి ప్రభుత్వోద్యోగములలో నూటికి 1 వంతు కేటాయించినది. దీనికి కనీసము 40 శాతము వైకల్యమున్నట్లు ధ్రువపత్రము ఉండవలెను. దానికి కావలసిన కొలబద్దను మన సికింద్రాబాదులోనే, 1984లో నెలకొన్న జాతీయ సంస్థ తయారుచేసినది. అందులో 40 అంశములు కలవు.

తిరువూరు 2022 నుండి ఎన్.టి.ఆర్. జిల్లాలో ఉన్నది. 18 ఏండ్లు నిండినవానికి సంరక్షకుని నియమించు స్థానిక కమిటీకి జిల్లా కలెక్టరు అధ్యక్షుడు. అనగా విజయవాడకు పోవలెను. అయితే ఒక మాట. తన పని తాను నిర్ణయించుకొనగలవానికి సంరక్షకుడు కాదు, తోడు కావలెను. చేయవలసిన పనిని వ్రాసి ఇచ్చుట, మార్పును ముందుగా తెలుపుట, పని నేర్పుటకు ఒకరు కొన్నాళ్లు వెంట ఉండుట: ఇవే అసలైన సేవలు. వీటికి పెద్ద భవనములు అక్కరలేదు. మామిడి బుట్టల తూకము వ్రాయుటకును, గ్రంథాలయములో పుస్తకములు వరుసగా అమర్చుటకును తప్పు చేయని చేతులు ఎవరికి అక్కరలేదు?

ఉపాధ్యాయులారా, ఆ పిల్లవానిని మొదట చూచువారు మీరే. మీరు నేడు వాని తల్లిదండ్రులకు చెప్పు ఒక మాట, రేపు వానికి ధ్రువపత్రమగును, ఉద్యోగమగును. విద్యార్థులారా, మీ వంతు మరియు సులభము: నవ్వకుడు, ఆటకు పిలువుడు.